దరఖాస్తు లేని అన్నం

సర్కారు నుంచి ఏది రావాలన్నా ముందు ఓ కాగితం కావాలి. బియ్యానికి కార్డు, పింఛనుకు దరఖాస్తు, స్కాలర్‌షిప్‌కు ఆదాయ ధ్రువపత్రం, దానికి తోడు కుల ధ్రువపత్రం. పేదవాడినని రుజువు చేసుకోవడానికే పేదవాడికి సగం రోజులు గడిచిపోతాయి. ఇన్నిటి మధ్య ఒక్కదానికి మాత్రం ఏ రుజువూ అక్కర్లేదు. అది సర్కారు బడిలో పగటిపూట పెట్టే అన్నం. హైదరాబాద్ మణికొండలో ఓ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోని ఒంటి గదిలో కాపురముండే వాచ్‌మన్ కూతురు పొద్దున బడికి వెళ్లి పేరు పిలిచినప్పుడు పలికితే చాలు, మధ్యాహ్నం ఆమె పళ్లెంలో వేడి అన్నం పడుతుంది. తండ్రి జీతమెంతో అడిగేవాళ్లు లేరు. సంతకం పెట్టించుకు రమ్మనేవాళ్లు లేరు.

ఇది మనకు ఎంత మామూలైపోయిందంటే, దీన్ని ఒకరు కనిపెట్టాల్సి వచ్చిందన్న సంగతే తట్టదు. నిజానికి అన్నం పెట్టాలన్న ఆలోచన పాతది. ‘ఎవరికి పెట్టాలి’ అన్న ప్రశ్నను తీసి పక్కన పెట్టడమే అసలు ఆవిష్కరణ. అందుకు దాదాపు ఎనభై ఏళ్లు పట్టింది.

మద్రాసులో అణా టిఫిన్

కథ 1920లో మద్రాసులో మొదలవుతుంది. అప్పుడు నగర కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి. తెలుగు దేవాంగ కుటుంబంలో పుట్టినవాడు, జస్టిస్ పార్టీని నిలబెట్టినవాళ్లలో ఒకడు. థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడికి వచ్చేవాళ్లంతా నిరుపేదల పిల్లలు. ఇంట్లో తిండి లేక బడికి రావడం మానేస్తున్నారు. తలకు రోజుకు అణాకు మించకుండా వాళ్లకు టిఫిన్ పెట్టాలని ఆ ఏడాది సెప్టెంబరులో కౌన్సిల్ తీర్మానం చేసింది. హాజరు పెరిగింది. మరికొన్ని బడులకు పాకింది. 1925లో ప్రాథమిక విద్యా నిధుల నుంచి ఈ ఖర్చు పెట్టకూడదని ప్రభుత్వం అనడంతో పథకం ఆగింది. ఆ తర్వాత మళ్లీ మొదలైంది గాని, ఈసారి పేద విద్యార్థులకు మాత్రమే.

ఆ ‘మాత్రమే’ చాలా కాలం వదల్లేదు. 1956లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి కామరాజ్, విద్యాశాఖ డైరెక్టర్ సుందరవడివేలు కలిసి ప్రాథమిక పాఠశాలల్లో మధ్యాహ్న భోజనం ప్రారంభించారు. ఊరివాళ్లు ఇచ్చిన ధాన్యం, చందాలు ఒక వైపు, సర్కారు సొమ్ము మరో వైపు. అప్పటికది పెద్ద సాహసం. అయినా బడిలో ఉన్న అందరికీ పెట్టే సొమ్ము లేదు. ఎవరు పేదో పంతులు గారే తేల్చాలి. పంతులు చూపు పడిన పిల్లవాడు తింటాడు. మిగతావాళ్లు ఇంటికి పోతారు, లేదా చూస్తూ కూర్చుంటారు. తినేవాడికి చిన్నతనం, తిననివాడికి ఆకలి. 1982లో ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వం దాన్ని పౌష్టికాహార పథకంగా విస్తరించి లక్షల మందికి చేర్చింది. ఇది ఒక రాష్ట్రం మొత్తాన్నీ నడిపించగల పనేనని దేశానికి తెలిసింది అప్పుడే.

మూడు కిలోల సంచి

ఢిల్లీ కదిలింది 1995లో. పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా ఆ ఏడాది ఆగస్టు 15న ప్రాథమిక విద్యకు పోషకాహార మద్దతు పేరిట జాతీయ పథకం ప్రారంభమైంది. మొదట 2,408 బ్లాకుల్లో మొదలుపెట్టి, రెండేళ్లలో దేశమంతటికీ పాకించారు. ఇందులో ఒక కొత్తదనం ఉంది. సర్కారు, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో 1 నుంచి 5వ తరగతి వరకు చదివే ప్రతి పిల్లవాడూ లెక్కలోకి వచ్చాడు. పేదెవరో ఏరే పని పోయింది.

ఆ పని పోయింది గాని వంట రాలేదు. కేంద్రం ధాన్యం ఇస్తుంది, వండించుకోవడం రాష్ట్రాల బాధ్యత అన్నారు. చాలా రాష్ట్రాలు పొయ్యి వెలిగించలేదు. నెలకు 80 శాతం హాజరున్న పిల్లలకు మూడు కిలోల బియ్యమో గోధుమలో కొలిచి ఇచ్చి పంపారు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ అంతే. నెలకోసారి సంచి పట్టుకుని బడికి వెళ్లి బియ్యం తెచ్చుకున్న తరం ఇప్పుడు ముప్పై దాటింది. ఆ బియ్యం ఇంటి కుండలో కలిసిపోయి అందరి కడుపులకూ పంపకమయ్యేవి. పైగా హాజరు తగ్గితే బియ్యం లేవు. జ్వరం వచ్చి పడుకున్నవాడు, పత్తి ఏరడానికి పోయినవాడు, అంటే బియ్యం ఎక్కువ అవసరమైనవాడే తప్పిపోయేవాడు. పేరు జాబితాలో ఉన్నా అన్నం పళ్లెంలోకి రాలేదు.

గోదాముల పక్కన ఆకలి

2001 నాటికి రాజస్థాన్‌లో వరసగా కరువు. జైపూర్ దగ్గర భారత ఆహార సంస్థ గోదాముల్లో ధాన్యం నిండి, బయట కుప్పలు పోసి టార్పాలిన్లు కప్పారు. కొంత వానకు తడిసి ముక్కిపోతోంది. అక్కడికి కొద్ది దూరంలోని పల్లెల్లో జనం వంతులు వేసుకుని తింటున్నారు, ఒక రోజు కొందరు, మరో రోజు ఇంకొందరు. పౌరహక్కుల ప్రజాసంఘం, పీయూసీఎల్, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టుకెక్కింది. జీవించే హక్కులో తినే హక్కు లేదా అన్నది వాళ్ల ప్రశ్న.

ఆ ఏడాది నవంబరు 28న కోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వే ఈ కథకు మలుపు. సర్కారు, సర్కారు సాయం పొందే ప్రతి ప్రాథమిక పాఠశాలలో, ప్రతి పిల్లవాడికీ, వండిన భోజనం పెట్టాలి. కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలి. ఏడాదికి కనీసం 200 రోజులు పెట్టాలి. బియ్యం ఇచ్చి చేతులు దులుపుకుంటున్న రాష్ట్రాలు మూడు నెలల్లో సగం జిల్లాల్లో పొయ్యి వెలిగించాలి, మరో మూడు నెలల్లో మిగతా జిల్లాల్లో.

ఉత్తర్వు రాయడం ఒక ఎత్తు, అమలు చేయించడం మరో ఎత్తు. 2002 మేలో కోర్టు ఇద్దరు కమిషనర్లను నియమించింది. ఒకరు ఎన్.సి. సక్సేనా. రెండోవారు మన రాష్ట్రానికి బాగా తెలిసిన ఎస్.ఆర్. శంకరన్. వెట్టిచాకిరీ నుంచి మనుషుల్ని విడిపించడానికి, దళితులకూ గిరిజనులకూ హక్కులు చేర్చడానికి ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారిగా పాటుపడిన మనిషి ఆయన. ఏ రాష్ట్రం చేసింది, ఏ రాష్ట్రం సాకులు చెబుతోంది అన్నది కమిషనర్ల నివేదికల ద్వారా కోర్టుకు తెలిసేది. 2004 ఏప్రిల్‌లో వచ్చిన మరో ఉత్తర్వు ఇంకో రెండు తలుపులు మూసింది. వంట ఖర్చు పేరుతో తల్లిదండ్రుల దగ్గర పైసా వసూలు చేయకూడదు. వంట మనుషుల నియామకంలో దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యం ఇవ్వాలి. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ భోజనం ఆగకూడదని కూడా అన్నది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వండిన భోజనం 2003 జనవరిలో మొదలైంది. వంట బాధ్యత డ్వాక్రా మహిళా సంఘాలకు అప్పగించారు. చాలా బడుల్లో వంటగది లేదు. చెట్టు కింద మూడు రాళ్లు పెట్టి, కట్టెలు ఎగదోసి వండారు. అన్నంలో నీళ్ల పప్పు అని, రాళ్లు వస్తున్నాయని గోల. దళిత స్త్రీ వండితే తినబోమని కొన్ని ఊళ్లలో పేచీ. అయినా బంతి సాగింది. ఎవరు పేద, ఎవరు కాదు అన్న ఏరివేత లేదు కాబట్టి, రైతు కొడుకూ కూలీ కొడుకూ ఒకే వరసలో కూర్చోక తప్పలేదు. జాబితా పెట్టి పెట్టే అన్నంలో ఇది జరగదు.

దీని ఫలితాన్ని కొలిచినవాళ్లున్నారు. ‘యంగ్ లైవ్స్’ అనే అంతర్జాతీయ పరిశోధన 2002 నుంచి మన తెలుగు జిల్లాల్లోని పిల్లల్ని ఏళ్ల తరబడి వెంబడించింది. అందులో పాలమూరు, అనంతపురం లాంటి కరువు జిల్లాల పిల్లలూ ఉన్నారు. ఆ వివరాలతో అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ చేసిన అధ్యయనం 2014లో వెలువడింది. పసితనంలో కరువు దెబ్బ తిన్న కుటుంబాల పిల్లలకు బడి భోజనం ఎత్తు, బరువుల్లో గణనీయమైన మేలు చేసిందని తేలింది. కరువు తీసుకున్నదాన్ని బడి తిరిగి ఇచ్చిందన్నమాట.

అక్కడ ఫారం, ఇక్కడ హాజరు పట్టీ

ధనిక దేశాలు ఇదే చిక్కును మరో దారిలో విప్పుకున్నాయి. అమెరికాలో జాతీయ బడి భోజన చట్టం 1946 నాటిది. అక్కడ ఉచిత భోజనం కావాలంటే తల్లిదండ్రులు ఆదాయం చూపిస్తూ ఫారం నింపాలి. ఇంగ్లీషు రాని వలస కుటుంబాలు నింపలేదు, సిగ్గుపడినవాళ్లు నింపలేదు, భయపడినవాళ్లు నింపలేదు. అర్హత ఉన్న పిల్లలు అలా తప్పిపోయేవారు. దీనికి వాళ్లు కనిపెట్టిన మందు జాబితాల జోడింపు. ఆహార సాయం తీసుకుంటున్న కుటుంబాల పేర్లు ప్రభుత్వం దగ్గర ఎలాగూ ఉన్నాయి. బడి జాబితాను వాటితో సరిపోల్చితే ఎవరూ ఫారం నింపకుండానే ఆ పిల్లలు ఉచిత భోజనంలో చేరిపోతారు. 2004లో చేసిన చట్టం దీన్ని దశలవారీగా అన్ని బడి జిల్లాలకూ తప్పనిసరి చేసింది. 2010 చట్టం మరో అడుగు వేసింది. ఇలా గుర్తించిన పేద పిల్లలు 40 శాతం ఉన్న బడి, ఎవరినీ అడగకుండా అందరికీ ఉచితంగా పెట్టవచ్చు. 2014 నుంచి ఇది దేశమంతటా అందుబాటులోకి వచ్చింది. 2023లో ఆ హద్దును 25 శాతానికి దించారు.

బ్రిటన్‌లో బడి భోజన చట్టం 1906 నాటిదే. అక్కడా దరఖాస్తే పెద్ద అడ్డంకి. ఇంగ్లండ్‌లో మొదటి మూడు తరగతుల పిల్లలందరికీ 2014 సెప్టెంబరు నుంచి ఉచితంగా పెడుతున్నారు. పై తరగతుల విషయంలో, తమ దగ్గరున్న సంక్షేమ వివరాలను చూసి పిల్లల్ని తామే చేర్చే పని కొన్ని స్థానిక కౌన్సిళ్లు చేపట్టాయి.

అక్కడివాళ్లు కంప్యూటర్లతో సాధించడానికి తంటాలు పడుతున్నది మనకు ఒక హాజరు పట్టీతో అయిపోయింది. బడిలో పేరుంటే చాలన్న నియమానికి 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం చట్టబలం ఇచ్చింది. ఎనిమిదో తరగతి వరకు, సెలవు రోజులు తప్ప ప్రతి రోజూ, ఉచితంగా ఒక భోజనం పెట్టాలి. 2015 నియమావళి ఇంకా గట్టిది. ఏ కారణంతోనైనా ఒక రోజు అన్నం పెట్టకపోతే, ఆ మేరకు ధాన్యం, డబ్బు భత్యంగా ఇవ్వాలి. వీటికి ముందే ఉమ్మడి రాష్ట్రం సొంత ఖర్చుతో 9, 10 తరగతులకూ భోజనాన్ని విస్తరించింది. 2015 జనవరి నుంచి తెలంగాణ బడుల్లోకి సన్నబియ్యం వచ్చింది. 2021లో కేంద్రం పథకం పేరును పీఎం పోషణ్ అని మార్చింది.

కాగితం తిరిగి రాబోయిన రోజు

ఒకసారి తీసేసిన కాగితం ఊరికే ఉండదు, ఏదో దారిన మళ్లీ రావాలని చూస్తుంది. 2017 ఫిబ్రవరి చివర్లో మధ్యాహ్న భోజనానికి ఆధార్ కావాలని కేంద్ర మానవ వనరుల శాఖ ఉత్తర్వు ఇచ్చింది. దేశమంతా భగ్గుమంది. పప్పన్నానికి వేలిముద్రలా అని అడిగారు. వారం తిరిగేసరికి, ఆధార్ లేదని ఎవరికీ భోజనం ఆపబోమని ప్రభుత్వం వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్ తీర్పులో ఈ సంగతి తేల్చేసింది. బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదు. ఆధార్ చూపలేదని ఏ పిల్లవాడికీ ఏ పథకం ప్రయోజనమూ నిరాకరించకూడదు. ఆ తీర్పు వచ్చి ఏళ్లయినా, అడ్మిషన్ సమయంలో ‘ఆధార్ తీసుకురా’ అనే మాట మాత్రం ఇంకా పోలేదు.

మణికొండలో ఎవరు బయట ఉన్నారు

హాజరు పట్టీయే అన్నానికి తాళంచెవి అయినప్పుడు, పట్టీలో పేరు లేనివాడి సంగతేమిటి? ఈ ప్రశ్న మణికొండలో నిలబడి అడిగితే జవాబు కంటికి కనిపిస్తుంది.

ఒకప్పుడు జాగీరు గ్రామం. ఇప్పుడు ల్యాంకో హిల్స్, అల్కాపూర్ టౌన్‌షిప్, పక్కనే పుప్పాలగూడ, నార్సింగి, ఆ పైన ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. 2018లో మునిసిపాలిటీ అయింది. ఎటు చూసినా క్రేన్లు, సెంట్రింగ్ చెక్కలు. ఈ టవర్లు కట్టేవాళ్లు పాలమూరు నుంచి, ఉత్తరాంధ్ర నుంచి, ఒడిశా, బిహార్, ఛత్తీస్‌గఢ్, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు. రేకుల షెడ్ల లేబర్ క్యాంపుల్లో ఉంటారు. ఒక టవర్ శ్లాబులు అయిపోగానే మరో సైటుకు పోతారు. చదువుల ఏడాది జూన్‌లో మొదలవుతుంది, పని మాత్రం క్యాలెండర్ చూడదు. నవంబరులో వచ్చిన కుటుంబం ఫిబ్రవరిలో వెళ్లిపోతుంది. టీసీ సొంతూరి బడిలో ఉంటుంది. పుట్టిన తేదీ కాగితం అసలే ఉండదు. పెద్దపిల్ల చంటిదాన్ని చూసుకుంటూ షెడ్డు దగ్గరే ఉండిపోతుంది. తెలుగు రాని పిల్లవాడికి తెలుగు బడిలో కూర్చోవడం మరో కష్టం.

ఇంకో రకం పిల్లలు కూడా బయటే ఉన్నారు. డ్రైవర్లు, ఇళ్లల్లో పని చేసే అమ్మలు, సెక్యూరిటీ గార్డులు ఇంగ్లీషు మీది ఆశతో పిల్లల్ని చిన్న చిన్న ప్రైవేటు బడుల్లో వేస్తారు. జీతంలో పెద్ద వాటా ఫీజుకే పోతుంది. ఎయిడెడ్ కాని ప్రైవేటు బడులకు ఈ భోజనం వర్తించదు. పేదరికాన్ని బట్టి కాక బడిని బట్టి పెట్టే అన్నం కాబట్టి, వాళ్ల డబ్బాలో ఏముందో ఎవరికీ పట్టదు.

ఇంత ఖర్చు ఎక్కడిదని అడిగేవాళ్లుంటారు. 2025 మే నుంచి కేంద్రం నిర్ణయించిన లెక్క ప్రకారం, బియ్యం కాకుండా పప్పు, కూర, నూనె, గ్యాసు అన్నీ కలిపి ప్రాథమిక తరగతుల్లో ఒక్కో పిల్లవాడికి రోజుకు 6.78 రూపాయలు, ఆ పై మూడు తరగతుల్లో 10.17 రూపాయలు. ఐటీ కారిడార్‌లో ఈ డబ్బుకు టీ కూడా రాదు. గుడ్డు ఖర్చు రాష్ట్రం విడిగా పెట్టుకుంటుంది. ఈ కొద్దిపాటి బిల్లులు కూడా సమయానికి రాకపోతే, వంట చేసే ఆడవాళ్లు కిరాణా కొట్లో అప్పు పెట్టి వండుతారు. దరఖాస్తు లేని ఈ అన్నం పూచీ నిజానికి వాళ్ల భుజాల మీదే ఉంది.

మిగిలిన ఒక్క అడుగు

వలస పిల్లల్ని పట్టీలోకి ఎక్కించే దారులు మనవాళ్లు ఇదివరకే వేసి చూపించారు. ప్రతి జూన్‌లో బడిబాట పేరిట టీచర్లు ఇల్లిల్లూ తిరిగి బడి బయట ఉన్న పిల్లల్ని చేర్పిస్తారు. ఫారం నింపమని పిలవకుండా, ఫారమే ఇంటి గడపకు పోవడమది. హైదరాబాద్ చుట్టుపక్కల ఇటుక బట్టీల దగ్గర ఒడిశా పిల్లల కోసం వర్క్‌సైట్ స్కూళ్లు నడిచాయి. సొంత భాషలో చదువు, దాంతోపాటు భోజనం. బట్టీ దగ్గర చేయగలిగింది టవర్ దగ్గర చేయలేమా?

చట్టం దీనికి అడ్డం కాదు, పైగా చేయమనే అంటుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు రుజువు లేదని, టీసీ ఆలస్యమైందని, అడ్మిషన్ల గడువు దాటిందని ఏ పిల్లవాడినీ తిప్పి పంపకూడదు. అదే చట్టం తొమ్మిదో సెక్షన్ స్థానిక సంస్థకు అప్పగించిన పనుల్లో రెండు ఇవి. తన పరిధిలో ఉండే పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరి వివరాలు నమోదు చేసి ఉంచాలి. వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్పించాలి. టవర్ కట్టాలంటే అనుమతి కావాలి. ఆ అనుమతితో పాటే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసం నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు కట్టాలి. అంటే ఏ సైటు ఎక్కడుందో, ఎప్పుడు మొదలైందో సర్కారు కాగితాల్లో ఉంది. కాంట్రాక్టరు దగ్గర కూలీల పట్టీ ఉంది. బడిలో పిల్లల పట్టీ ఉంది. ఈ మూడింటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడటమే మిగిలిన పని. 2019 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మధ్య రేషన్ కార్డు ఎక్కడున్నా పనిచేసే ఏర్పాటు మొదలైంది, ఆ తర్వాత అది దేశమంతటికీ వచ్చింది. కూలీ వెంట బియ్యం ప్రయాణం చేయగలిగినప్పుడు, వాళ్ల బిడ్డ వెంట బడి అన్నం ఎందుకు చేయకూడదు?

అధికారులు చేసేదాకా ఆగనక్కర్లేదు. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పిల్లలు, ఎదురు సైటులో ఇసుక కుప్ప మీద ఆడుకునే పిల్లలు ఏ బడికి పోతున్నారో ఒకసారి అడగండి. ఏ బడికీ పోకపోతే దగ్గర్లోని సర్కారు బడికి తీసుకెళ్లి హెడ్‌మాస్టరుతో మాట్లాడండి. ఏ నెల అయినా చేర్చుకోవాల్సిందే. ఆధార్ లేదన్నా, టీసీ లేదన్నా, గడువు దాటిందన్నా చట్టం పిల్లవాడి వైపే ఉంది. పేరు పట్టీలోకి ఎక్కితే మర్నాటి నుంచి అన్నానికి ఇక ఎవరినీ అడగక్కర్లేదు.